ఎముక దారిన వినికిడి: ఒక పక్కా, రెండు పక్కలా?

(గిడుగు రామమూర్తి పంతులుగారి స్మృతిలో శ్రీకాకుళంలో చేసిన ఉపన్యాసానికి పాఠం)



పంతులుగారి పేరిట ఉపన్యాసమంటే వ్యావహారిక భాష గురించో, సవర భాష గురించో మాట్లాడటం ఆనవాయితీ. ఆ రెండింటి మీదా నాకంటే బాగా చెప్పగలవాళ్లు ఈ సభలోనే కూర్చున్నారు. నేను చెవి వైద్యం చేసేవాణ్ణి. అందుకని పంతులుగారి చెవుల నుంచే మొదలుపెడతాను.

1863 ఆగస్టు 29న శ్రీముఖలింగం దగ్గరి పర్వతాలపేటలో పుట్టిన ఆయన, పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ సవరల మాట నేర్చుకోవడానికి కొండలెక్కారు. కొండల్లో మలేరియా పట్టుకుంది. అప్పట్లో దానికి మందు క్వినైన్. ఆ మందు వల్ల చెముడు వచ్చి, బతికినన్నాళ్లూ వెంట ఉండిపోయిందని ఆయన జీవితకథ రాసినవాళ్లు చెబుతారు. లిపి లేని ఒక భాషను వట్టి చెవితో పట్టుకుని కాగితం మీద పెట్టిన మనిషికి చెవే దెబ్బతింది. అయినా 1931లో సవర వ్యాకరణం అచ్చయింది, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వచ్చింది. అంతకుముందే 1925లో తణుకు సభలో నాలుగు గంటలు ఏకబిగిన మాట్లాడి వాడుక భాష వైపు పండితుల్ని తిప్పారు.

ఆ చెముడును ఆయన గొప్పతనానికి నగలా తగిలించడం నా ఉద్దేశం కాదు. వైద్యుడిగా నాకు అందులో ఒక ప్రశ్న కనిపిస్తుంది. ఇవాళ ఆయన మా ఓపీ చీటీ పట్టుకుని వస్తే ఏ చెవి మిషను రాస్తాం? ఒకటి రాస్తామా, రెండా? ఈ ప్రశ్నకు జవాబు వెతుకుతూ వెళితే ఇవాళ్టి విషయం దానంతటదే వస్తుంది. చెవి గొట్టంలో పెట్టే మిషను కాకుండా, పుర్రె ఎముక ద్వారా వినిపించే మిషన్లు కొన్ని ఉన్నాయి. అవి ఒక పక్క పెడితే సరిపోతుందా, రెండు పక్కలా పెట్టాలా అన్నది ప్రపంచమంతటా చెవి వైద్యులు తర్జనభర్జన పడిన విషయం. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో దీనికి ఎక్కువగా డబ్బు జవాబు చెబుతుంది. చెవి చెప్పాల్సిన జవాబు వేరే ఉందని నా వాదం.

శబ్దానికి రెండు దారులు

చెవిటివాడి ముందు శంఖం ఊదితే, దాన్ని కొరకడం మీ తాత వల్ల కూడా కాలేదన్నాడట. సామెత కట్టినవాడు చెవిటివాణ్ణి వెక్కిరించాడు గాని, పళ్లకూ వినికిడికీ ఉన్న చుట్టరికం అతనికి తెలియదు. మోగుతున్న ట్యూనింగ్ ఫోర్కు కాడను పళ్ల మధ్య పట్టుకుని, చెవులు రెండూ మూసుకుని చూడండి. మోత లోపల్నించే వినిపిస్తుంది. పళ్ల మధ్య పట్టిన కడ్డీ గుండా శబ్దం లోపలికి చేరుతుందని 16వ శతాబ్దంలోనే ఇటలీ వైద్యుడు కార్డానో రాసి పెట్టాడు.

మామూలు దారి గాలిది. చెవిడొప్ప పట్టిన శబ్దం గొట్టంలోంచి వెళ్లి కర్ణభేరిని కదిలిస్తుంది. దాని వెనక కూటకం, దాగలి, అంకవన్నె అని మూడు చిన్న ఎముకలున్నాయి. అవి ఆ కదలికను లోపలి చెవిలో ఉండే కోక్లియాలోని ద్రవానికి అందిస్తాయి. ద్రవం కదిలితే అక్కడి రోమకణాలు కదిలి, నరం ద్వారా మెదడుకు కబురు పంపుతాయి. రెండో దారి ఎముకది. పుర్రె కంపిస్తే, గొట్టంతోనూ కర్ణభేరితోనూ పని లేకుండా కోక్లియాలోని ద్రవం కదులుతుంది. మన గొంతు మనం రెండు దారుల్లోనూ వింటాం. రికార్డు చేసిన గొంతు వింటే ఎవరిదో అనిపించడానికి అదే కారణం, అందులో ఎముక వాటా ఉండదు.

ఈ రెండు దారుల తేడాతోనే చెముడు ఎక్కడుందో పసిగడతాం. వేబర్ 1834లో, రిన్నే 1855లో చెప్పిన ట్యూనింగ్ ఫోర్కు పరీక్షలు నేటికీ ప్రతి చెవి వైద్యుడి బల్ల మీదా ఉన్నాయి. ఫోర్కును చెవి వెనక ఎముకకు ఆనిస్తే గట్టిగా, చెవి ఎదుట పెడితే మెల్లగా వినిపించిందంటే దారిలో అడ్డం ఉంది, కోక్లియా బాగానే ఉంది. కర్ణభేరికి చిల్లు, లోపల చీము, పుట్టుకతోనే గొట్టం మూసుకుపోవడం, ఇవన్నీ ఈ కోవలోకి వస్తాయి. ఇంకో వింత చూడండి. ఒక చెవిలో ఇలాంటి అడ్డం ఉన్నవాళ్ల నుదుటి నడుమ ఫోర్కు పెడితే, మోత చెడ్డ చెవిలోనే ఎక్కువగా వినిపిస్తుంది. చాలామంది రోగులు ఈ మాట చెప్పడానికి సిగ్గుపడతారు, తప్పు చెబుతున్నామేమో అని.

గాలి దారిలోనూ ఎముక దారిలోనూ వినికిడి ఒకేలా తగ్గితే దెబ్బ కోక్లియాకో నరానికో తగిలిందని అర్థం. క్వినైన్ దెబ్బ ఆ రకానిది. అది రోమకణాల మీద పడుతుంది. చాలామందిలో మందు ఆపితే తగ్గుతుంది, కొందరిలో నిలిచిపోతుంది. కాబట్టి పంతులుగారికి ఎముక మిషను పనికొచ్చేది కాదు. దారి మార్చినంత మాత్రాన చేరాల్సిన చోటు బాగుపడదు. ఆయనకు రాయాల్సింది రెండు చెవుల్లోనూ పెట్టుకునే మామూలు మిషన్లు. రెండనడానికి తడుముకోవక్కర్లేదు, ఎందుకంటే ఒక చెవిలో పెట్టిన శబ్దం రెండో చెవికి చేరేసరికి సుమారు 40 డెసిబెల్స్ పోగొట్టుకుంటుంది. ఒక చెవికి పెట్టింది రెండో చెవికి అందదు. ఎముక దారిలో ఈ లెక్క తలకిందులవుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

పుర్రెకు బిగించే మిషను

ఎముకకు ఆనించే మిషన్లు కొత్తవి కావు. 1930లలోనే వచ్చాయి. తర్వాత కళ్లజోడు కాడలో అమర్చినవీ వచ్చాయి. వాటితో రెండు ఇబ్బందులు. ఉక్కు పట్టీ గట్టిగా నొక్కితే గాని కంపనం ఎముకకు చేరదు, అలా నొక్కితే చర్మం పుండు పడుతుంది. పైగా హెచ్చు స్థాయి శబ్దాలను, అంటే స, శ, ఫ లాంటి హల్లులను స్పష్టంగా చెప్పేవాటిని, చర్మమే చాలా భాగం మింగేస్తుంది.

ఈ ముడి స్వీడన్‌లో విడింది. పెర్ ఇంగ్వర్ బ్రోనెమార్క్ అనే వైద్యుడు 1950లలో, టైటానియం లోహం బతికున్న ఎముకతో కలిసి అతుక్కుపోతుందని గమనించాడు. పంటి ఇంప్లాంట్ల వ్యాపారమంతా ఆ గమనింపు మీదే నడుస్తోంది. గోథెన్‌బర్గ్‌లో ఆండర్స్ టెల్‌స్ట్రోమ్ 1977లో మొదటిసారి చెవి వెనక ఎముకలో టైటానియం మర బిగించి, దాని మీద వినికిడి మిషను తగిలించాడు. మర పొడవు 3, 4 మిల్లీమీటర్లు. చర్మం అడ్డు తొలగింది, కంపనం నేరుగా ఎముకకు దిగింది. దాన్నే ‘బాహా’ అన్నారు. తర్వాత పోంటో వచ్చింది. అమర్చిన భాగం పూర్తిగా చర్మం కిందే ఉండే బోన్‌బ్రిడ్జ్, ఓసియా వచ్చాయి. సర్జరీ అక్కర్లేకుండా చెవి వెనక అంటించే ఆధెయర్, పసిపిల్లలకు తలచుట్టూ కట్టే మెత్తటి సాఫ్ట్‌బ్యాండ్ వచ్చాయి.

అమెరికా అనుమతుల వరస చూస్తే మన ప్రశ్న ఎప్పుడు పుట్టిందో తెలుస్తుంది. అక్కడ వైద్య పరికరాలకు అనుమతిచ్చే ఎఫ్‌డీఏ బాహాకు 1996లో పెద్దవాళ్ల కోసం, 1999లో అయిదేళ్లు దాటిన పిల్లల కోసం ఒప్పుకుంది. రెండు పక్కలా పెట్టడానికి 2001 దాకా ఆగింది. 2002లో, ఒక చెవి పూర్తిగా పోయి రెండోది బాగున్నవాళ్లకు కూడా ఒప్పుకుంది. అంటే మొదటి మర బిగించిన దాదాపు పాతికేళ్ల తర్వాత గాని రెండో మరకు అక్కడ అనుమతి రాలేదు. అంత ఆలస్యానికి కారణం ఉంది.

ఒకటి చాలదా?

బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో ఏకాండి వీణ చేసేవాళ్లను చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ఒకే పనస దుంగలోంచి కుండ, దండి చెక్కుతారు కాబట్టి ఎక్కడ మీటినా వీణంతా మోగుతుంది. పుర్రె కూడా అంతే. కుడి చెవి వెనక పెట్టిన కంపనం ఎడమ కోక్లియాకు చేరేసరికి తగ్గేది చాలా తక్కువ. మంద్ర స్థాయిలో దాదాపు ఏమీ తగ్గదు, హెచ్చు స్థాయిలో 10 డెసిబెల్స్ దాకా తగ్గవచ్చు, అంతే. కాబట్టి ఒక్క మిషను పెడితే రెండు కోక్లియాలూ పనిచేస్తాయి. ఇక రెండోది దేనికి?

ఈ వాదం అబద్ధం కాదు. నేనూ దీన్ని వాడతాను. రెండు చెవుల గొట్టాలూ మూసుకుని పుట్టిన పసిపాపకు తల్లి గొంతు ముందు చేరాలి. అందుకు ఒక్క మిషను, ఒక్క సాఫ్ట్‌బ్యాండ్ చాలు. రెండోది దొరికేదాకా మొదటిది ఆపడం పాపకు చేసే ద్రోహం. మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు మిషను అన్నది ప్రపంచమంతా ఒప్పుకున్న గడువు. మాట నేర్చే వయసు ఎవరి డబ్బు కోసమూ ఆగదు.

అయితే శబ్దం రెండు కోక్లియాలకూ చేరడం వేరు, రెండు చెవులతో వినడం వేరు. రెండు చెవులతో వినడమంటే మెదడు పోల్చి చూడటం. కుడివైపు నుంచి వచ్చిన శబ్దం కుడి చెవికి ముందు, ఎడమ చెవికి తర్వాత చేరుతుంది. ఆ తేడా ఎంత పెద్దదైనా సెకనులో వెయ్యో వంతుకు ముప్పావు దాటదు. అంత చిన్న తేడాతోనే మెదడు దిక్కు కడుతుంది. దానికి తోడు తల అడ్డుపడటం వల్ల దూరపు చెవిలో శబ్దం, ముఖ్యంగా హెచ్చు స్థాయి శబ్దం, తగ్గుతుంది. కాలం తేడా, బలం తేడా, ఈ రెంటినీ కలిపి 1907లో లార్డ్ రేలీ సిద్ధాంతం చేశాడు. ఒక్క మిషను ఉన్నవాడికి ఈ రెండూ లేవు. మైకు ఒక్కటే. శబ్దం ఎటునుంచి వచ్చినా ఆ ఒక్క మైకులోంచే వెళ్లి, పుర్రె మీద ఒకే చోట నుంచి, ఒకే తీరున రెండు కోక్లియాలకు పంచబడుతుంది. పోల్చడానికి మెదడుకు రెండు సాక్ష్యాలు ఉండవు.

మన ఊరి ఏడు రోడ్ల కూడలిలో నిలబడి చూడండి. ఒక్క ఎముక మిషను పెట్టుకున్న మనిషికి లారీ హారన్ వినిపిస్తుంది. ఏ రోడ్డులోంచి వస్తోందో తెలియదు. వినిపించడం లేదని ఎవరూ అనరు. దాటడానికి మాత్రం భయపడతాడు. అతని చెవి పరీక్ష కాగితం చూస్తే అంతా బాగానే ఉంటుంది.

రెండోది ఏమిస్తుంది?

రెండు పక్కలా మైకులుంటే రెండు సాక్ష్యాలు వస్తాయి. కాని ఇక్కడ ఒక మెలిక. కుడి మిషను కంపనం ఎడమ కోక్లియాకూ, ఎడమది కుడికీ చేరుతుంది. సాక్ష్యాలు రెండూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. కాబట్టి గాలి దారిలో రెండు చెవులకు రెండు మిషన్లు పెడితే వచ్చేంత లాభం ఎముక దారిలో రాదు. మరి మెదడు పోల్చుకోగలిగేంత తేడా మిగులుతుందా, పూర్తిగా చెరిగిపోతుందా? 1990ల చివర్లో తేలాల్సి ఉన్న ప్రశ్న ఇదే.

తేల్చినవాళ్లలో నెదర్లాండ్స్‌లోని నైమేగన్ వైద్యులు ముఖ్యులు. బోస్మన్, స్నిక్, వారి సహచరులు రెండు పక్కలా బాహా ఉన్నవాళ్లను ఒకటి పెట్టి, రెండూ పెట్టి పరీక్షించి 2001లో ప్రచురించారు. శబ్దం ఎటునుంచి వచ్చిందో గుర్తించడం రెండు మిషన్లతో బాగా మెరుగైంది. నిశ్శబ్దంలో మాట కొన్ని డెసిబెల్స్ తక్కువ బలంతోనే అర్థమైంది. పక్కనించి చప్పుడు వస్తున్నప్పుడు ఎదుటి మాట పట్టుకోవడమూ తేలికైంది. అంటే సాక్ష్యాలు కలిసినా పూర్తిగా చెరిగిపోలేదు. కంపనం పుర్రె దాటేటప్పుడు పోయే ఆ కొద్ది డెసిబెల్స్, పట్టే ఆ కొద్ది ఆలస్యం మెదడుకు సరిపోయాయి.

లాభం ఎప్పుడూ ఒకేలా ఉండదు, అదీ చెప్పాలి. టీచరు ఎదురుగా ఉండి, రోడ్డు చప్పుడు ఎడమ కిటికీలోంచి వస్తోందనుకుందాం. పిల్లకు ఉన్న ఒక్క మిషను ఎడమవైపే ఉంటే పాఠం మునిగిపోతుంది. కుడివైపు ఇంకొకటి ఉంటే దానికి తల చాటు దొరుకుతుంది, అందులో పాఠం కాస్త తేటగా ఉంటుంది, మెదడు దాని మీద ఆనుకుంటుంది. అదే ఆ పిల్లకు మొదటినుంచీ ఉన్న ఒక్క మిషను కుడివైపే అయితే, చప్పుడు వైపు ఎడమది కలిపినందువల్ల లాభం రాకపోవచ్చు, ఒక్కోసారి కాస్త నష్టమూ జరగవచ్చు. కాని చప్పుడు రోజూ ఒకే వైపు నుంచి రాదు. ఎటు చప్పుడైనా ఒక చెవి చాటున ఉండటం రెండింటి వల్లే సాధ్యం.

ఎవరికి రెండు అన్నదానికి 2005లో నిపుణులు కలిసి ఒక మాట అనుకున్నారు. రెండు చెవుల్లోనూ దారి అడ్డం ఉండి, రెండు కోక్లియాల బలం ఇంచుమించు సమానంగా ఉండాలి. 500 నుంచి 4000 హెర్ట్జ్ దాకా ఎముక దారి వినికిడి సగటు తీస్తే, రెండు చెవుల మధ్య తేడా 10 డెసిబెల్స్ లోపు ఉండాలి. అలాంటివాళ్లకు రెండు పక్కలా పెట్టడమే మేలు.

రెండోది వద్దన్నప్పుడు

కోక్లియాలు సమానంగా లేకపోతే సంగతి మారుతుంది. ఒకటి బాగుండి ఇంకోటి బాగా దెబ్బతింటే, ఎక్కడ పెట్టినా బాగున్నదే వింటుంది. రెండో మిషను డబ్బు దండగ. అలాంటప్పుడు ఆ ఒక్కటీ ఏ పక్క పెట్టాలన్నది ఆలోచించాలి. మామూలుగా మంచి కోక్లియా వైపు. అయితే ఆ వైపు చేతికి పక్షవాతం ఉంటే మిషను తీసి పెట్టుకోలేరు. ఆటో నడిపేవాడికి ప్రయాణికుల మాట వెనకనించి, ట్రాఫిక్ చప్పుడు కుడివైపు నుంచి వస్తాయి. ఇవన్నీ రోగిని అడిగితే తప్ప చెవి పరీక్ష కాగితంలో దొరకవు.

ఒక చెవి పూర్తిగా పోయి, రెండోది నిక్షేపంలా ఉన్నవాళ్లది మరో కథ. గవదబిళ్లల వల్ల రాత్రికి రాత్రి ఒక చెవి పోయిన పిల్లల్ని మన దగ్గర చూస్తూనే ఉంటాం. వాళ్లకు చెవిటి వైపు ఎముక మిషను పెడితే, ఆ వైపు మాటను పుర్రె దాటించి మంచి చెవికి అందిస్తుంది. పెళ్లి పంక్తిలో ఆ వైపు కూర్చున్నవాళ్ల మాట వినిపించడం చిన్న సుఖం కాదు. కాని వినేది ఒక్క కోక్లియానే కాబట్టి దిక్కు తెలియదు. చెవిటి వైపు చప్పుడు ఉంటే దాన్ని కూడా మోసుకొచ్చి మంచి చెవిలో పోస్తుంది. ఇక్కడ రెండు మిషన్ల ప్రసక్తే లేదు. ఒకటైనా కావాలా అన్నదే ప్రశ్న, దాన్ని కొన్నాళ్లు బ్యాండు మీద పెట్టి చూసి రోగే తేల్చాలి.

ఒక చెవి గొట్టమే మూసుకుని పుట్టిన పిల్లలు ఇంకో తెగ. ఒక చెవి బాగుంటే మాటలు వస్తాయి, ఇంట్లో ఎవరికీ లోపం కనిపించదు. ‘ఒక చెవి ఉందిగా’ అని సరిపెట్టుకుంటారు. ఇబ్బంది బడిలో బయటపడుతుంది. నలభైమంది పిల్లల గోలలో పాఠం జారిపోతుంటే మొద్దు అనో, అల్లరి అనో పేరు పడుతుంది. వీళ్లలో మిషను వల్ల లాభం ఒక్కొక్కరికి ఒక్కో తీరుగా ఉంటుంది. అందుకే బలవంతం చెయ్యను. బాగున్న చెవి టీచరు వైపు ఉండేలా ముందు వరసలో కూర్చోబెట్టమని మాత్రం ప్రతి బడికీ చీటీ రాసిస్తాను. దానికి ఖర్చు లేదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. పరుగు తీసేవాళ్లు పాటల కోసం పెట్టుకునే ‘బోన్ కండక్షన్’ హెడ్‌ఫోన్లు ఆన్‌లైన్‌లో కొని, చెవి మిషను అనుకుని ముసలివాళ్లకు పెడుతున్నారు. అవి ఫోనులో పాట వినిపిస్తాయి. ఎదుటి మనిషి మాటను పట్టి పెంచడానికి చేసినవి కావు.

మన జిల్లాల్లో

ఈ సంగతంతా గోథెన్‌బర్గ్‌లోనూ నైమేగన్‌లోనూ జరిగింది. శ్రీకాకుళం, విజయనగరాలకు ఏమిటి సంబంధం అంటారా? చెవిలో చీము. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004లో దీర్ఘకాలపు చెవి చీము మీద నివేదిక ఇచ్చింది. జనాభాలో 4 శాతం దాటి ఈ జబ్బున్న దేశాల జాబితాలో భారతదేశాన్ని వేసింది. చీము కారే చెవిలో అచ్చు పోసిన మామూలు మిషను బిగిస్తే గాలి ఆడక చీము ఎక్కువవుతుంది. మందు వేస్తే మిషను తియ్యాలి, మిషను పెడితే మందు ఆపాలి. ముందు చెయ్యాల్సింది మందూ, సర్జరీ. సర్జరీ చేసినా ఆరని చెవులకు, సర్జరీ కుదరని మనుషులకు ఎముక దారే మిగిలిన దారి. రెండు చెవులూ కారేవాళ్లు తక్కువమందేమీ కాదు.

చెవిడొప్ప సరిగా ఏర్పడని పిల్లలు రెండో గుంపు. దీన్ని మైక్రోషియా అంటారు. ఎక్కువగా ఒక పక్కే ఉంటుంది, అందులోనూ కుడి పక్క. కొందరికి రెండు పక్కలా. గ్రహణం పట్టిందనుకుని తల్లిని ఆడిపోసుకునే ఇళ్లు ఇంకా ఉన్నాయి. గొట్టం మూసుకుపోతే వినికిడి 40 నుంచి 65 డెసిబెల్స్ దాకా తగ్గుతుంది, కోక్లియా మాత్రం చాలామందిలో బాగుంటుంది. ఎముక మిషనుకు ఇంతకంటే తగిన చెవి లేదు. ఈ లోపం పట్టుకోవడానికి యంత్రం అక్కర్లేదు. కాన్పు చేసిన నర్సుకే కనిపిస్తుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు ఏడాదికి రెండుసార్లు, బడులకు ఒకసారి వెళ్లాలి. చెవి లేని చెంపను చూసి కూడా వినికిడి పరీక్షకు పంపకపోతే ఆ తనిఖీకి అర్థం లేదు.

ఇలాంటి పిల్లల తల్లిదండ్రులు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఎనిమిది, పదేళ్ల వయసులో పక్కటెముక మృదులాస్థితో చెవిడొప్ప కట్టే సర్జరీ చేస్తారు. మర ముందే బిగించాల్సి వస్తే ఆ చోటుకు వెనగ్గా బిగించాలి. లేకపోతే రేపటి చెవికి ఇవాళ్టి మచ్చ అడ్డొస్తుంది. చెవి వైద్యుడు, ప్లాస్టిక్ సర్జన్ ముందే మాట్లాడుకోవాలి. అయిదేళ్లలోపు పిల్లలకు పుర్రె ఎముక పల్చగా ఉంటుంది కాబట్టి అప్పటిదాకా సాఫ్ట్‌బ్యాండే.

ఇక చట్టం. 2016 వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం రెండు చెవుల్లోనూ 60 నుంచి 70 డెసిబెల్స్ నష్టముంటే వినికిడి మందగించినవాళ్లు, 70 దాటితే బధిరులు. రెండు చెవులూ 55 దగ్గర ఆగిన పిల్ల ఆ గీతకు ఇవతలే ఉండిపోతుంది. ఒక చెవి పూర్తిగా పోయినవాడూ అంతే. చట్టానికి గీత ఎక్కడో ఒకచోట గీయక తప్పదు, ఒప్పుకుంటాను. కాని ఆ గీతను చూసి వైద్యం నిర్ణయించే అలవాటు మనకు పట్టుకుంది. సర్టిఫికెట్ రాలేదంటే మిషను అక్కర్లేదని కాదు.

డబ్బు సంగతి దాచడం ఎందుకు? మర బిగించే మిషను ఒక పక్కకే లక్షల్లో ఉంటుంది. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌లో మొదలైన మూడు జిల్లాల్లో శ్రీకాకుళం ఒకటి. పుట్టుచెవుడు పిల్లలకు కోక్లియర్ ఇంప్లాంట్లు ఆ పథకంలో జరిగాయి. లక్షల ఖర్చయ్యే చెవి వైద్యాన్ని ప్రభుత్వం భరించగలదని అప్పుడే రుజువైంది. కేంద్రం 1981 నుంచి నడుపుతున్న ఆడిప్ పథకంలో వినికిడి పరికరాలు కూడా ఉన్నాయి. ఏ ఏడు ఏ పరికరానికి ఎంత ఇస్తున్నారో అడగడం రోగి పని అని మనం వదిలెయ్యకూడదు. సీతంపేట నుంచి బస్సు దిగి వచ్చిన సవర తల్లి ఏ గదిలో అడగాలో ఆమెకు ఎవరు చెబుతారు? సవర మాట వచ్చిన మనిషి ఆస్పత్రిలో ఒక్కరుంటే సగం పని అవుతుంది.

మిషను తీసుకున్నాక ఖర్చు ఆగదు. రెండుంటే బ్యాటరీలు రెండింతలు. మర చుట్టూ చర్మం రోజూ శుభ్రం చెయ్యాలి, లేకపోతే ఎర్రబడి చీము పడుతుంది. భావనపాడు, కళింగపట్నం లాంటి తీరపు ఊళ్లలో ఉప్పుగాలి, చెమట మిషనుకు శత్రువులు. స్నానానికి, సముద్రానికి తీసి పెట్టాలి. హెల్మెట్ పెట్టుకునేవాళ్లు మర ఎక్కడుండాలో ముందే చెప్పాలి. వీటిని మొయ్యలేని ఇంటికి రెండు మిషన్లు అంటగడితే ఒకటి బీరువాలో పడి ఉంటుంది. బీరువాలో ఉన్న రెండో మిషను కంటే చెవి వెనక రోజంతా ఉన్న ఒక్కటే మేలు.

ఏ వరసలో చెయ్యాలి?

మొదట, చెముడు ఏ రకమో తేల్చాలి. గాలి దారి, ఎముక దారి రెండూ కొలవని పరీక్షతో మిషను రాయకూడదు. రెండు కోక్లియాలనూ విడివిడిగా కొలవాలి, రెండో చెవిలో చప్పుడు పెట్టి మూసి మరీ కొలవాలి. లేకపోతే ఎముక శబ్దం దాటిపోయి మంచి చెవి చెడ్డ చెవి తరఫున జవాబు చెబుతుంది. తర్వాత, రెండు చెవులూ మూసుకుపోయిన పసిపాపకు ఆలస్యం లేకుండా ఒక్క సాఫ్ట్‌బ్యాండ్. నడక వచ్చి వీధిలోకి, బడిలోకి వెళ్లే వయసుకు రెండోది. కోక్లియాలు సమానంగా ఉన్న పెద్దవాళ్లకు, మర బిగించేముందు బ్యాండు మీద ఒకటి, తర్వాత రెండు, కొన్ని రోజులపాటు పెట్టించి పంపాలి. ఆస్పత్రి గదిలో కాదు, వాళ్లు బతికే చోట వినాలి. విజయనగరంలో మూడు లాంతర్ల దగ్గర దుకాణం నడిపే మనిషికీ, పొలంలో ఒంటరిగా పనిచేసే మనిషికీ జవాబు ఒకటే అవ్వాలని లేదు. మొదటివాడికి నాలుగు వైపుల నుంచి బేరాలు. రెండోవాడికి సాయంత్రం భార్యతో, మనవలతో మాట.

డబ్బు ఒకదానికే ఉంటే ఒకటే పెట్టండి, అది అవమానం కాదు. కాని కాగితం మీద ‘ఒకటి చాలు’ అని రాయకండి. ‘రెండు అవసరం, ఒకటి ఇచ్చాం’ అని రాయండి. మొదటి మాట రాస్తే ఫైలు మూసినట్టే. రెండో మాట రాస్తే వచ్చే ఏడు అడగడానికి ఆ ఇంటికి హక్కు మిగులుతుంది, ఎంతమందికి రెండోది బాకీ ఉన్నామో జిల్లాకు లెక్క తేలుతుంది. లెక్క ఉంటేనే పథకం వస్తుంది.

ఈ సభలో ఉన్న ఉపాధ్యాయులకు, ఆశా కార్యకర్తలకు, తల్లిదండ్రులకు నా విన్నపం ఒక్కటే. చెవి డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు మొహమాటపడకుండా మూడు ప్రశ్నలు అడగండి. అడ్డం దారిలో ఉందా, కోక్లియాలోనా? రెండు కోక్లియాలూ సమానమేనా? ఒకటి చాలని చెప్పేముందు రెండూ పెట్టి చూశారా? మూడింటికీ జవాబు కాగితం మీద రాసిమ్మనండి. ఆ కాగితం జాగ్రత్త పెట్టుకోండి.